బయ్యప్ప బిగించిన బీగం

ఆయుధ పూజ నాడు పొద్దున్నే, పూజకు ముందే, కొట్టుగది తలుపుకు, మూస్తే దానంతటదే పడే కొత్త బీగం బిగించేయాలని బయ్యప్ప అనుకున్నాడు. ఇది రెండు వేల ఐదో సంవత్సరం నాటి మాట. చింతామణిలో అప్పుడు పండగంటే వీధి వీధంతా బంతిపూల వాసన. ఆటోలకు అరటి పిలకలు, సైకిళ్ళకు విభూతి పట్టెలు, ఆఖరికి ఇడ్లీ పాత్రకు కూడా కుంకుమ బొట్టు. ఆ తరం వాళ్ళు నలుగురు కలిస్తే ఆ ఏటి పండగను ఇప్పటికీ తలుచుకొని నవ్వుకుంటారు.

నిజానికి కొట్టుగదికి బీగంతో పని లేదు. అందులో ఉన్నది రాగుల మూట, పండక్కి పంచే బొరుగులు, బెల్లం, కొబ్బరికాయలు. పని కావలసింది బయ్యప్ప కొన్న బ్యాటరీ స్క్రూడ్రైవరుకు. శెనక్కాయల వ్యాపారం మీద బెంగళూరు వెళ్ళినవాడు, అంగట్లో తుపాకీలా మెరుస్తున్న ఆ సామాను చూసి మనసు పారేసుకున్నాడు. దానితో పాటు ఒక పెట్టెలో, దాని మూతికి మార్చి మార్చి తగిలించే ముప్ఫై రెండు బిట్లు ఇచ్చారు. పట్టె మూతివి కొన్ని, స్టార్ మూతివి కొన్ని, ఆరు మూలలవి కొన్ని. అంగడివాడు ఓపికున్న మనిషి. "స్టార్‌లోనూ సైజులుంటాయి సార్. బిట్టు స్క్రూ తలలో కదలకుండా కూర్చోవాలి. కదిలిందంటే సైజు తప్పు. ఈ రింగు తిప్పి బలం తక్కువలో పెట్టుకోండి" అని విడమరిచి చెప్పాడు. బయ్యప్ప అప్పుడు మీట నొక్కి గుర్రుమనే చప్పుడు వింటూ మైమరచిపోయి ఉన్నాడు. ఒక్క ముక్కా చెవికెక్కలేదు.

ఆ సామాను మీద అంత మోజు పడటానికి కారణం వేరే ఉంది. తండ్రి ఆదినారాయణప్ప పోయి అప్పటికి ఆరేళ్ళు. ఆయన ఉన్నన్నాళ్ళూ వీధిలో రేడియో మూగబోయినా, కుట్టుమిషను మొరాయించినా ఆయన అరుగు మీదికే వచ్చేవి. సాయంత్రం ఇచ్చిపోతే పొద్దున్నకు తయారు. చెక్క పిడి స్క్రూడ్రైవరు పట్టుకొని, కళ్ళజోడు ముక్కు మీదికి జారగా, చుట్టూ మరలు పరుచుకొని కూర్చున్న తండ్రిని తలుచుకుంటే బయ్యప్పకు గుండె బరువెక్కేది. తానేది ముట్టుకున్నా తల్లి అక్కయమ్మ మాత్రం "ఆయప్ప చెయ్యే వేరు లేరా" అనేది. యాభై దాటినా సరే, ఒక్కసారైనా ఆమె నోట "మీ నాయిన చెయ్యి వచ్చిందిరా నీకు" అనిపించుకోవాలని బయ్యప్ప ప్రాణం కొట్టుకుపోయేది.

"పండగ పూట తలుపు జోలికి పోవద్దురా" అన్నది అక్కయమ్మ.

"అర్ధ గంట పనిమ్మా. కొత్త సామాను ఒక పనన్నా చేసి పూజలో కూకోవాల గదా?"

బయ్యప్ప గది లోపలికి వెళ్ళి, తలుపు వెనక చేరి పెట్టె తెరిచాడు. బిట్లన్నిటిలోకి బంగారు రంగుది కంటికి ఇంపుగా కనిపించింది, దాన్నే తీసుకున్నాడు. అది స్క్రూ తలలో వదులుగా ఆడింది. ఆడుతున్న కొద్దీ గట్టిగా నొక్కాడు. రింగును ఎంతవరకు తిరుగుతుందో అంతవరకు తిప్పాడు. నాలుగు స్క్రూలూ ఏటవాలుగా దిగి, తలలు చింతగింజల్లా నున్నబడ్డాయి. బీగం పెట్టె కాస్త వంకరగా నిలిచింది. ఒకసారి మూసి తెరిస్తే తెరుచుకుంది కాబట్టి బయ్యప్ప దాన్ని విజయం కిందే జమకట్టాడు.

భార్య సుజాతమ్మ ఆ డ్రైవరును అందుకొని కొడవలి, తక్కెడ, కూరలు తరిగే ఈలపీటల వరుసలో పెట్టి బొట్టు పెట్టింది. పూజ జరిగింది, హారతి అయింది. పూజలో పెట్టిన పనిముట్టును మరునాటి వరకు ముట్టరాదనేది ఆ ఊళ్ళో చంటిపిల్లకు కూడా తెలిసిన నియమం. ఇరుగుపొరుగుకు పంచే బొరుగుల కోసం అక్కయమ్మ కొట్టుగదిలోకి వెళ్ళింది. గాలికి తలుపు మూసుకుంది. బీగం టక్కుమన్నది.

"రే బయ్యా, ఇది తిరగలేదురా!" అని లోపలి నుంచి కేక.

బయట నుంచి బీగంచెవి పెట్టి తిప్పితే గిర్రున తిరిగిందే తప్ప తలుపు కదల్లేదు. బయ్యప్ప డ్రైవరు కోసం పూజగది వైపు అడుగు వేశాడో లేదో, లోపలున్న తల్లికి తెలిసిపోయింది.

"పూజలో కూకోబెట్టిన సామాను తాకినావంటే చూడు! నీ యాపారం ఏమై పోతాదో తెలుసునా?"

"మరి నువ్వు బయటికొచ్చేదెట్లమ్మా?"

"నా సంగతి నేను చూసుకుంటా. నువ్వు వచ్చినోళ్ళకు చాప పరుచు పో."

కన్నతల్లిని గదిలో వదిలి చాప పరిచేటంత కఠినుడు కాదు బయ్యప్ప. పూజకు ఎక్కని స్క్రూడ్రైవరు ఊళ్ళో ఒక్కటైనా ఉండకపోతుందా అని, చెవిని సుజాతమ్మ చేతిలో పెట్టి మునియప్ప సైకిలు అంగడికి పరుగెత్తాడు. అక్కడ పానాలు, పట్టకార్లు, గాలి పంపుతో సహా పూలదండలు వేసుకొని కూర్చున్నాయి.

"ఏమప్పా, ఈ పొద్దు స్క్రూడ్రైవరు అడుగుతావా?" అని మునియప్ప నోరు తెరిచాడు. "నిన్న అడిగింటే రెండు ఇచ్చింటి. రేపు అడుగు, మూడిస్తా."

అక్కడి నుంచి వడ్రంగి పిళ్ళప్ప ఇంటికి వెళ్ళాడు. పిళ్ళప్ప తన ఉలి, సుత్తి వైపు చూసి రెండు చేతులూ జోడించాడు. "అవి రావప్పా. నేనైతే వస్తా. చెయ్యి ఊపుకుంటా వచ్చి చూసేదానికి తప్పేముండాది?"

ఈలోగా బొరుగుల కోసం గిన్నెతో వచ్చిన ఎదురింటి యశోదమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. గదిలో అత్త, తలుపుకు బీగం, బీగంచెవి కోడలి చేతిలో. ఇక ఎవరూ ఏమీ చెప్పనక్కరలేదు. ఆమె ఖాళీ గిన్నెతోనే వెనక్కి తిరిగింది. పది నిమిషాల్లో వీధిలోని ఆడవాళ్ళంతా వాకిట్లో ఉన్నారు.

"ఏమమ్మా సుజాతా, మొగుడు లేని పెద్ద మనిషిని పండగ పూట ఇట్లా చేస్తారా?"

"అయ్యో, నేనేం చేసినానమ్మా! ఆయన బిగించిన బీగం ఇది!" అన్నది సుజాతమ్మ ఏడుపు గొంతుతో.

"అంటే ఇద్దురూ కలిసే చేసినారా?"

యశోదమ్మ కొట్టుగది కిటికీ దగ్గరికి వెళ్ళి, "అక్కా, మజ్జిగ తెచ్చేదా?" అని కళ్ళు తుడుచుకుంది.

"నాకేం తక్కువమ్మా, బెల్లం ఉండాది, కొబ్బరుండాది. కొంచేపు నన్నిట్ల వదిలేయండి, పనిలో ఉండా" అన్నది లోపలి గొంతు.

"చూడు, అంత కష్టంలోనూ కోడల్ని ఒక్క మాట అనలేదు" అని ఒకామె ముక్కు చీదింది. సుజాతమ్మకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

బయ్యప్ప, పిళ్ళప్ప వచ్చేసరికి ఇల్లు తిరునాళ్ళలా ఉంది. పిళ్ళప్ప తలుపును పైనుంచి కిందికి చూసి, "ఆదినారాయణప్ప ఉండుంటే రెండు నిమిషాల పని" అని నిట్టూర్చాడు.

ఆ మాట బయ్యప్పకు సూదిలా గుచ్చుకుంది. ఏమైతే అదవుతుందని పూజగదిలోకి వెళ్ళి, దేవుడికి దండం పెట్టి, కుంకుమ బొట్టుతో సహా డ్రైవరును ఎత్తుకొచ్చాడు. జనం హాహాకారం చేశారు. అయినా పెట్టె తెరవగానే అందరూ ముందుకు వంగారు. ఈసారి బంగారు రంగుది కాకుండా సరైనది ఎంచాలని బయ్యప్ప పట్టుదల.

"ఆ లావుది పెట్టప్పా."

"లావుది పట్టదు. నాలుగు మూతులది ఉండాది చూడు, అది."

"అది కాదు, పొడుగుది. పొడుగుదానికి బలం జాస్తి."

పది అభిప్రాయాలు విని, రెండో నంబరు స్టార్ బిట్టును ఎంచి, రింగును తక్కువలో పెట్టి, బయ్యప్ప ఊపిరి బిగబట్టి తలుపు ముందు నిలబడ్డాడు. అలాగే చాలాసేపు నిలబడ్డాడు.

"స్క్రూ యాడుండాది?" అని అడిగాడు పిళ్ళప్ప.

తలుపుకు బయటి వైపు చెక్క తప్ప ఏమీ లేదు. నాలుగు స్క్రూలూ బయ్యప్ప స్వహస్తాలతో లోపలి వైపే బిగించాడు.

"అదే నేనూ అడుగుతాండా" అన్నది అక్కయమ్మ. "స్క్రూలన్నీ నా తట్టు పెట్టి నువ్వు ఊరంతా ఏం వెతుకుతాండావురా?"

ఆ గొంతు గది లోపలి నుంచి రాలేదు. అందరూ బీగం వైపే కళ్ళప్పగించి ఉండగా, తలుపు రెండో వైపు, బందులుండే చోట, మనిషి పట్టేంత సందు తెరుచుకుంది. అందులోంచి డెబ్భై నాలుగేళ్ళ అక్కయమ్మ బొరుగుల చేట పట్టుకొని బయటికి వచ్చి నిలబడింది. తలుపు పడిపోకుండా లోపల రాగుల మూట అడ్డం పెట్టి ఉంది. బందుల స్క్రూలు ఎనిమిదీ చేటలో ఒక మూల కుదురుగా ఉన్నాయి. అవి పాతకాలపు పట్టె గీత స్క్రూలు, తలలో నాణెం అంచు పట్టేంత గీత ఉన్నవి. కొంగుముడిలో ఉన్న పావలా బిళ్ళతో వాటిని విప్పింది.

"పావలాకు మనం పూజ చేయలేదు గదా" అన్నది, పిళ్ళప్ప చూపుకు జవాబుగా.

"నీకు ఇదంతా ఎట్లొచ్చునమ్మా?" అన్నాడు బయ్యప్ప.

అక్కయమ్మ చాప మీద కూర్చుంది. చేటను పక్కన పెట్టింది.

"మీ నాయినకు విప్పేదొక్కటే వచ్చురా. అన్నీ విప్పి అరుగు మీద పరిచేసి, యాడిది యాడ పెట్టల్లో తెలీక తలకాయ పట్టుకొని కూకుండేవాడు. మీరంతా లేచే లోపల నేను బిగించి పెడతా వచ్చినా."

"ఇన్నేండ్లూ చెప్పలేదేమమ్మా?"

"అందురూ వచ్చి దండం పెడతాంటే ఆయప్ప మొగం ఎట్ల వెలిగిపోయేదో నువ్వు చూసినావు గదా. ఆ మొగం చూసేదే నాకు చాలనిపించె." ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆరేళ్ళలో మొదటిసారి బయ్యప్పకు తల్లి ఎంత ఒంటరిదైపోయిందో తెలిసింది. వచ్చి పక్కన కూర్చున్నాడు.

ఆమె లేచి, సందులోంచి లోపలికి వంగి, నున్నబడిన ఆ నాలుగు స్క్రూ తలలనూ వేలితో తడిమింది. ఏడుపులోనే ఆమెకు నవ్వు వచ్చింది.

"ఇట్ల తలలు అరగదీసేది ఆయప్పొక్కడే అనుకుంటిని. అచ్చం మీ నాయిన చెయ్యే వచ్చిందిరా నీకు."

బయ్యప్ప కూడా నవ్వాడు. కళ్ళు మాత్రం నిండిపోయాయి. పెద్దావిడ ఏడ్చిందంటే ఇంకా ఏదో ఉందని యశోదమ్మ సుజాతమ్మ వైపు అనుమానంగా చూసింది గాని, చేతికి బొరుగులు రాగానే ఆ సంగతి వదిలేసింది.

మరునాడు విజయదశమి. అప్పటికే కబురు ఊరంతా పాకింది. పొద్దున్నే మునియప్ప తిరగని టేబులు ఫ్యాను ఒకటి చంకన పెట్టుకొని వచ్చాడు. అరుగు మీద బిట్ల పెట్టెతో సిద్ధంగా కూర్చున్న బయ్యప్ప రెండు చేతులూ చాచాడు.

మునియప్ప ఫ్యానును రెండో చంకలోకి మార్చుకొని, "అమ్మ లేచిండాదా?" అని అడిగాడు.