ముందు ఒళ్ళు కడుక్కో

కళ ఒకసారి మీ వీధిలోకి వచ్చిందంటే ఇక మీకు కష్టాలుండవు. నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను. పక్క పేటలో ఎవరైనా గుండెలు బాదుకుంటే పోలీసులొస్తారు. మా పేటలో ప్రేక్షకులొస్తారు! ఏ పేట మేలు? మీరే చెప్పండి.

ఈ వైభవమంతా కీర్తిశేషులు కుజుమకి శిన్యా గారి చలవ. టోక్యోలో నాటకాన్ని నాటకశాలలోంచి జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చుకొచ్చిన మహానుభావుడాయన. ఆయన నాటకాలకి తెర ఉండదు, కుర్చీలుండవు, కథ అసలే ఉండదు. ఒకసారి ప్రేక్షకులని గదిలో పెట్టి తాళం వేసి, నటులందరూ నూడుల్స్ తినడానికి వెళ్ళిపోయారు. ఆయన తీసిన ఒక సినిమాలో తలుపుకి రంగు వేసి, అది ఆరేదాకా చూపించారు. మేమూ ఆరేదాకా చూసి ఆహా అన్నాం. అనకపోతే మనకి అర్థం కాలేదనుకోరూ?

నేనెవరినంటారా? ఒనుకి అంటారు నన్ను. విమర్శకుణ్ణి. అప్పట్లో నాకు ఇరవై నాలుగేళ్ళు. చేతిలో చిన్న పత్రిక, నోట్లో పెద్ద మాటలు.

1971 చలికాలం, సాయంత్రం ఆరు గంటలు. మా వీధి స్నానాలశాల కిటకిటలాడుతోంది. ఫ్యాక్టరీల నుంచి వచ్చిన మగవాళ్ళు గోడ మీద బొమ్మ గీసిన ఫుజి కొండ కింద, పీటల మీద వరసగా కూచుని ఒళ్ళు తోముకుంటున్నారు. అప్పుడు కుజుమకి గారు, ఒంటినిండా తెల్లరంగు పూసుకున్న పన్నెండుమంది నటులు, భుజాన కెమెరాతో ఒక మనిషీ నాటకమాడటానికి చెప్పాపెట్టకుండా వచ్చి, సరాసరి వేడినీళ్ళ తొట్టిలో దిగారు.

కడుక్కోకుండా!

మా వాళ్ళు దేన్నయినా క్షమిస్తారు గానీ దీన్ని క్షమించరు. ఒళ్ళు రుద్దుకుని, సబ్బు నురగ ఒక్క చుక్క మిగలకుండా కడుక్కుని, అప్పుడు దిగాలి. తొట్టిలో నీళ్ళు వీధి మొత్తానివి. ఆ నీళ్ళు చూస్తూండగానే పాలలా తెల్లబడ్డాయి. ముసలివాళ్ళు లేచి తలో దిక్కూ పరుగెత్తారు. గుమ్మం దగ్గర ఎత్తుపీట మీద కూచునే యజమానురాలు ఇకుయో గారు కిందకి దిగి, బకెట్ నిండా చన్నీళ్ళు పట్టి, కుజుమకి గారి నెత్తిన గుమ్మరించింది.

"ముందు ఒళ్ళు కడుక్కోరా దరిద్రుడా! నీళ్ళు నీ అబ్బసొమ్మనుకున్నావా?"

కెమెరా తిరుగుతూనే ఉంది.

మర్నాడు నేను కలం పట్టాను. అది బకెట్ కాదన్నాను. ఆ తిట్టు ఒక మనిషికి కాదు, కడుక్కోకుండా చరిత్రలోకి దిగిన నాగరికత మొత్తానికి అన్నాను. నాటకంలోకెల్లా గొప్ప రంగం అదేనన్నాను. అంతే, ఆ కెమెరాతో తీసిన సినిమా దేశదేశాలు తిరిగింది. పరాయి దేశాల ప్రొఫెసర్లు ఆ బకెట్ మీద లావుపాటి పుస్తకాలు రాశారు. అచ్చు వేసిన నాటకంలో అది ఏడో రంగం, నటి పేరు ఇకుయో.

"నటనేమిటి మాస్టారూ, నేను తిట్టాను," అనేది ఆవిడ. గొప్ప నటులందరూ అలాగే అంటారని మళ్ళీ రాశాను.

రాయనిది ఒకటుంది. ఆ తరవాత మూడు రోజులు కుజుమకి గారు చొక్కా చేతులు మడుచుకుని, మోకాళ్ళ మీద కూచుని, ఆ తొట్టికి పట్టిన తెల్లరంగంతా తోమారు. ఆపైన పోయేదాకా రోజూ సాయంత్రం అక్కడికే వచ్చేవారు. మూడుసార్లు కడుక్కుని దిగేవారు. ఇది నా కళ్ళతో చూశాను. కానీ తొట్టి తోమడం గురించి రాస్తే విమర్శకుడికి మర్యాదేం మిగులుతుంది?

సరే, ఆయన పోయారు. వార్డు ఆఫీసువారు స్మారక భవనం తలపెట్టారు. ఎక్కడ? ఆ అమర ఘట్టం జరిగిన చోటే! స్థలం వార్డుది, ఇకుయో గారిది కౌలు. స్నానాలశాల జ్ఞాపకాన్ని కాపాడాలంటే ముందు స్నానాలశాల అడ్డు తొలగాలి కదా? ఇంత తేలిక విషయం ఎనభై ఆరేళ్ళ ఆవిడ బుర్రకెక్కదు.

భవనం గురించి వార్డువారు పెట్టిన మొదటి సభకి ఆవిడ బకెట్‌తో వచ్చి, సంస్కృతి శాఖ ఆఫీసరు కుసాకబె నెత్తిన గుమ్మరించింది. పక్క పేటలో అయితే కేసయ్యేది. మా కుసాకబె తడిసిన తలతో నడుం దాకా వంగి దణ్ణం పెట్టాడు.

"అమ్మగారూ, ఇన్నేళ్ళయినా అదే ఊపు. నా జన్మ ధన్యమైంది."

సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

ఆవిడ తలుపు మీద 'కూల్చొద్దు' అని కాగితం అంటించింది. వార్డు ఆఫీసు మనుషులిద్దరు తెల్ల గ్లవ్స్ వేసుకుని వచ్చి, భవనంలో ప్రదర్శించడానికి జాగ్రత్తగా ఊడదీసి పెట్టెలో పెట్టుకుపోయారు. ఇంకోటి అంటించింది. దస్తూరీ మొదటిదానంత బాగా లేదని దాన్ని వదిలేశారు. వీధిలో అడ్డంగా కూచుంది. జనం మడతకుర్చీలు తెచ్చుకున్నారు. ఒక ముసలావిడ గోడుకి ఇంత ఆదరణ ఇంకెక్కడైనా ఉందా?

ఒక సాయంత్రం నేను స్నానం చేసి వస్తూంటే ఆపింది.

"మాస్టారూ, నేనేం చేస్తే వీళ్ళకి నాటకంలా కనపడదు?"

"మామూలుగా మాట్లాడండి," అన్నాను. సలహాలివ్వడంలో నాది అందె వేసిన చెయ్యి.

చివరి సభకి ఆవిడ బకెట్ లేకుండా వచ్చింది. బూడిదరంగు కిమోనో కట్టుకుని, మైకు దగ్గర చేతులు ముందు పెట్టుకుని నిలబడింది.

"మా వీధిలో అరవై ముగ్గురికి ఇంట్లో స్నానాలగది లేదు. అందరూ ముసలివాళ్ళే. ఈ చలిలో రైలెక్కి ఎక్కడికని పోతారు? కుజుమకి ఉంటే వద్దనేవాడు. నా స్నానాలశాల నాకుంచండి బాబూ."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కుసాకబె చేతిలోని కార్యక్రమ పత్రం తిరగేశాడు.

"అయిపోయిందా అమ్మగారూ? బకెట్ మరిచిపోయారా?"

నా పక్కన ఒక కుర్ర విమర్శకుడు 'పస తగ్గింది' అని రాసుకుంటున్నాడు. అచ్చం నా దస్తూరీయే అనిపించి నాకు సిగ్గేసింది. లేచాను.

"అయ్యా, ఆనాడు ఈవిడ నటించలేదు. కడుక్కోకుండా దిగినందుకు తిట్టింది, అంతే. మిగతాదంతా నేను కల్పించి రాశాను. అబద్ధం. ఆ అరవై ముగ్గురిలో నేనూ ఒకణ్ణి. కూల్చొద్దు," అన్నాను. ఏడ్చాను కూడా.

ఇంకేం, చప్పట్లు! కొందరు నా ముక్కు మీది చీమిడిని కూడా ఫోటో తీసుకున్నారు. భవనం ప్రారంభోత్సవంలో నా ఒప్పుకోలుని ఎనిమిదో రంగంగా పెడతామని కుసాకబె అక్కడికక్కడే ప్రకటించాడు.

బయట మెట్ల మీద ఇకుయో గారు చెప్పులు సర్దుకుంటోంది. దగ్గరికి వెళ్ళి, క్షమించమని తలవంచాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. కోపమేం లేదు.

"తొట్టిలో దిగి యాభై ఏళ్ళు కూచుని, ఇప్పుడు కడుక్కుంటే ఏం లాభం నాయనా?" అంది.