గుండెమంట కబురు

"జాడీ మూత తీసింది ఎవరు?" అంది వసంతమ్మ.

"ఒక్కపొద్దు ఉండేవోణ్ణి, నాకెందుకు ఊరగాయ?" అన్నాడు ఆదినారాయణ.

"వాసన చూసేదానికి."

ప్రొద్దుటూరులో బట్టల కొట్టున్న ఆమె భర్త ఆదినారాయణ శనివారం పొద్దుగూకేదాకా కాఫీ కూడా ముట్టడు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో పట్టిన నియమం అది. ఆరోజు వసంతమ్మకు అతనితో వాదించే తీరిక లేదు. జమ్మలమడుగులో ఆమె తమ్ముడు నారాయణ కూతురికి తొట్లె పండగ. బిడ్డ చెవిలో మేనత్తే పేరు చెప్పాలి. ఆమె కళావతి అని అనుకుంది. పులివెందుల నుంచి వచ్చే నారాయణ అత్త పెంచలమ్మ తన తల్లి పేరు సుంకులమ్మే పెట్టాలని పట్టుమీద ఉంది. వసంతమ్మ బస్సు తప్పితే ఆ బిడ్డ జన్మంతా సుంకులమ్మే.

చీర కుచ్చెళ్ళు సర్దుకుంటుండగా వసారాలోంచి మూలుగు వినిపించింది. ఆదినారాయణ రొమ్ము పట్టుకుని కూర్చున్నాడు.

"ఏమైంది?"

"కాఫీ లేక తల పగుల్తాంటే నొప్పి బిళ్ళ ఏసుకున్యా. గుండెల్లో మంట లేచింది. మంటా నొప్పే గదా అని ఇంగోటి ఏసుకున్యా."

"పుల్లతేన్పులకని డాక్టరిచ్చిన మిక్స్చరు ఉందే?"

"అది పిప్పరమెంటు వాసనొస్తాది. ఒక్కపొద్దు చెడతాది. బిళ్ళయితే చేదు."

వసంతమ్మ డాక్టరు హబీబుల్లాను పిలిపించింది. ఈలోగా వీధిలో బస్సు హారను మోగింది. ఆమె పరుగున వెళ్ళి కండక్టరు రహీంతో, "మా తమ్మునింట్లో చెప్పు నాయనా. ఆయనకు కొంచెం బాగలేదు, ఏం దిగులు పడొద్దన్నానని చెప్పు" అంది.

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ ప్రాంతంలో చావు కబురును ఎవరూ చావు కబురుగా చెప్పరు. "కొంచెం బాగలేదు, దిగులు పడొద్దు" అంటారు. విన్నవాళ్ళు చెప్పులు కూడా తొడుక్కోకుండా బయలుదేరుతారు.

జమ్మలమడుగులో రహీం మాట పొల్లుపోకుండా చెప్పాడు. నారాయణ అతని భుజం పట్టుకుని, "నిజం చెప్పు రహీమూ, ఎప్పుడు?" అన్నాడు.

"ఏం కాలేదప్పా, బాగుండాడు."

"చూస్తిరా, ఎంత మెత్తగా చెప్తాండాడో!" అని పెంచలమ్మ గొల్లుమంది.

ఇక్కడ హబీబుల్లా ఆదినారాయణ చేత పాలన్నం తినిపిస్తూ చీవాట్లు పెడుతున్నాడు. "కడుపులో పులుపు ఉండేవోళ్ళకు ఈ బిళ్ళ పడదప్పా. అదీ వట్టి కడుపున! కడుపు పుండవుతాది. మిక్స్చరు తాగుతాండా గదా అని కూడా మింగొద్దు. ఏ నొప్పికైనా నన్నడిగినాకే."

ఆయన సంచి సర్దుకుని వెళ్ళిన కొంతసేపటికి వీధి మలుపులో ఏడుపులు లేచాయి. గుమ్మంలో మొదట పూలదండ కనిపించింది, దాని వెనక నారాయణ, ఆ వెనక బిడ్డనెత్తుకుని పెంచలమ్మ.

"యాడ పెట్టినారు మా బావను?" అన్నాడు నారాయణ కళ్ళు తుడుచుకుంటూ.

"ఈడే," అన్నాడు ఆదినారాయణ, పాలన్నం గిన్నె పట్టుకుని. "ఆ దండ ఎవురికి?"

పెంచలమ్మ ఏడుపు రాగం మధ్యలో తెగింది. "ఏంది, ఈయప్ప అన్నం తింటాండాడే!" అంది, కొంచెం నిష్ఠూరంగానే. పెద్దామె ముక్కు చీదుకునే లోపల వసంతమ్మ బిడ్డను అందుకుని, చెవిలో మూడుసార్లు "కళావతి" అనేసింది. తరవాత తీరిగ్గా దూలానికి చీర ఉయ్యాల కట్టింది.

పండగ వంటంతా జమ్మలమడుగులోనే ఉండిపోయింది కాబట్టి ఆమే పొయ్యి రాజేయాల్సి వచ్చింది. రాత్రి అందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నాక గరిటె చేతిలో పట్టుకునే చెప్పింది: "ఇంగ ఈ ఇంట్లో బిళ్ళలన్నీ నా పెట్టెలో ఉంటాయి. డాక్టరు ఊ అంటేనే బీగం తీసేది. శనివారమైనా అంతే."

నారాయణ కణతలు నొక్కుకుంటూ, "అక్కా, బావ కోసం దావంతా ఏడ్చి తల పగుల్తాంది. ఒక్క బిళ్ళ..." అన్నాడు.

వసంతమ్మ అతని విస్తట్లో ఇంకో గరిటె అన్నం వడ్డించింది.