మంత్రిగారి కంపైలర్

నిరుద్యోగ యువతకి ఉచితంగా నెట్ సెంటర్లు పెట్టిస్తామనీ, ఎవరికివ్వాలో ఇకమీదట మనిషి కాదు, కంప్యూటరే తేలుస్తుందనీ మంత్రి చిన్నబ్బాయిగారు సికింద్రాబాద్‌లో ఒక ఫంక్షన్ హాల్లో ప్రకటించారు. "పైరవీకి ఈ రోజుతో నూకలు చెల్లాయి!" అన్నారు. చప్పట్లు మోగాయి. పైరవీ కోసం వచ్చినవాళ్ళు ఇంకాస్త గట్టిగా కొట్టారు.

ఆ ప్రోగ్రామ్ రాసే భాగ్యం పద్మారావు నగర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుకి, అందులో క్యారల్‌కి దక్కింది. క్యారల్ మల్కాజ్‌గిరి అమ్మాయి. ఆదివారం చర్చిలో కీబోర్డు, మిగతా రోజులు ఆఫీసులో కీబోర్డు. తమ్ముడు ఆషర్ డిగ్రీ ముగించి ఖాళీగా ఉన్నాడు. వాడూ నెట్ సెంటర్‌కి దరఖాస్తు పెట్టాడు. "కంప్యూటరే తేలుస్తుందట కదక్కా, ఇక ఢోకా లేదు" అని నిశ్చింతగా నిద్రపోతున్నాడు.

మంత్రిగారు క్యారల్‌ని పిలిపించారు. "ఎలా తేలుస్తుందో నాకు బోధపడేలా చెప్పమ్మా."

"ప్రోగ్రామ్‌లో ప్రతిదానికీ ఒక రకం ఉంటుంది సార్. అంకె ఒక రకం, పేరు ఒక రకం. మనం రాసినదాన్ని మిషన్ భాషలోకి మార్చేది కంపైలర్. మార్చేటప్పుడే 'నువ్వు ఏ రకం?' అని దానిచేత అడిగించొచ్చు. అంకైతే ఈ దారి, పేరైతే ఆ దారి."

"ప్రోగ్రామ్ నడవకముందేనా?"

"ముందే సార్. నడిచేటప్పుడు ఇక ఆ ప్రశ్నే ఉండదు."

"ఎవడైనా ఎంక్వైరీ వేయించి వెతికితే?"

"నడిచే ప్రోగ్రామ్‌లో ఏం కనబడుతుంది సార్? దారి అప్పటికే తేలిపోయి ఉంటుంది."

మంత్రిగారు కుర్చీలోంచి లేచారు. ఇన్నేళ్ళ ప్రజాసేవలో తాను చేత్తో చేసుకొస్తున్న పనికి ఇంత చక్కటి శాస్త్రం ఉందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. కళ్ళు చెమర్చాయి.

"ఎక్కడున్నావు తల్లీ ఇన్నాళ్ళూ? రెండు రకాలు పెట్టు. మనవాళ్ళు, మిగతావాళ్ళు."

"రకాలు డేటాకి సార్. మనుషులకి కాదు."

"మనుషులకి లేకపోతే నేను మంత్రినెలా అయ్యానమ్మా?"

క్యారల్ ఆఫీసుకొచ్చి ఈ మాట బాస్‌కి చెప్పింది. రాసెయ్యమన్నాడు. మిగతావాళ్ళ దారిలో 'మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది' అని ఒక్క వాక్యం రాసింది. అది తమ్ముడి దారి అని తెలిసే రాసింది. ఆ మధ్యాహ్నం టిఫిన్ బాక్స్ మూత తియ్యలేదు.

అప్పట్నుంచి మంత్రిగారి పీఏ సూరి రోజూ వచ్చి కొత్త రకాలు చేర్పించేవాడు. మనవాళ్ళ వియ్యంకులు. మనవాళ్ళే గానీ అవతలి గ్రూపు. అవతలివాళ్ళే గానీ మనకి పనికొచ్చేవాళ్ళు. క్యారల్ చేర్చేకొద్దీ కంపైలర్ గునుస్తూనే మింగింది. నేరేడ్‌మెట్‌లో ఉండే మంత్రిగారి బావమరిది జీవరాజు దగ్గరికొచ్చేసరికి మాత్రం మొరాయించింది. ఆయన బంధువుల్లోనూ ఉన్నాడు, అసమ్మతివాదుల్లోనూ ఉన్నాడు.

"ఏందమ్మా, గిట్ల ఆగింది?" అన్నాడు సూరి.

"ఈయన మనవాడో కాదో తేలడం లేదంటోంది."

"సార్‌కే ఇన్నేండ్ల సంది తేలలే. గా కంపైలర్ ఎవరి మనిషి?"

"ఎవరి మనిషీ కాదండీ."

"గట్ల సుత ఉంటరా? జెర నంబర్ ఇయ్యి, సార్‌తోని మాట్లాడిస్త. వినకుంటే ట్రాన్స్‌ఫర్ చేయిస్తం."

చివరికి మంత్రిగారి భార్య గవరమ్మగారు తన తమ్ముడు మనవాడేనని తేల్చేశారు. క్యారల్ అలాగే రాసింది. కంపైలర్ కూడా ఎదురు చెప్పలేదు. ఆ ఇంట్లో ఎవరూ చెప్పరు.

"అన్నట్టు సూరిగారూ, మనవాళ్ళ దారి ఖాళీగా ఉంది. వాళ్ళకి ఏం ఇవ్వమని రాయను?"

సూరి ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. చాలాసేపటికి వచ్చాడు.

"సార్ సుత పరేషాన్ అయిండు. యాడ షాపు, ఏం కంప్యూటర్, గదంతా ఎవ్వరూ అనుకోలే. ఇప్పటికైతే పక్క దారిల ఉన్నదే కాపీ కొట్టు."

కొట్టింది. ఈసారి కంపైలర్ ఒక్క తప్పూ పట్టలేదు.

ప్రారంభోత్సవం నాడు పూలదండల మధ్య మొదటి మీట జీవరాజు నొక్కాడు. పెద్ద తెరమీద అక్షరాలు వచ్చాయి. 'మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది.' తర్వాత జనంలోంచి ఒకణ్ణి రమ్మంటే ఆషర్ అందరికన్నా ముందు ఉరికాడు. వాడికీ అవే అక్షరాలు.

"ఇదేటి బావా!" అన్నాడు జీవరాజు, మైకులోనే.

మంత్రిగారు రెప్ప వెయ్యలేదు. మైకు లాక్కున్నారు. "చూశారా! నా సొంత బావమరిదికీ, ఊరూ పేరూ తెలియని ఈ కుర్రాడికీ ఒకటే న్యాయం!"

పైకప్పు లేచిపోయేలా చప్పట్లు. వెనక వరసలో క్యారల్ నోట్లో కర్చీఫ్ కుక్కుకుంది. ఎంత ఆపుకున్నా భుజాలు ఎగురుతూనే ఉన్నాయి. ఆషర్ పరిగెత్తుకొచ్చాడు. "అక్కా! మంత్రి బావమరిదితో సమానమైపోయాను!"

మర్నాడు పేపర్లన్నీ మంత్రిగారి నిష్పాక్షికతని కొనియాడాయి. ఆ వారంలోనే ప్రతిపక్ష నాయకుడు సన్యాసిరాజుగారు ఎవరికీ తెలియకుండా ఆఫీసుకొచ్చి క్యారల్ ముందు కూర్చున్నారు.

"వచ్చేది మేమేనమ్మా. అప్పుడు మనవాళ్ళంటే మావాళ్ళు అవ్వాలి కదా. ప్రోగ్రామ్ ఎంతవరకు మార్చాల్సి ఉంటుంది?"

క్యారల్ రెండు దారులూ ఒకసారి చూసుకుంది. "ఏమీ మార్చక్కర్లేదండీ. ఇలాగే సరిపోతుంది."

"అంత పకడ్బందీగా రాశావా!" అని ఆయన లేచి నిలబడి నమస్కారం పెట్టారు.