వంశపారంపర్యానికి బంధువులు అడ్డం

వంశపారంపర్యంగా వచ్చే రోగాల పరిశోధనకు అన్నిటికంటే పెద్ద ఆటంకం బంధువులు. ఒకే కుటుంబం వాళ్ళు జన్యువులను పంచుకుంటారు కనక లెక్కలు ఒకవైపు మొగ్గుతాయి. ఈ ముప్పును అరికట్టడానికి పరిశోధనాలయం బంధుత్వ నివారణాధికారి అనే పదవిని సృష్టించింది. (ఆ పదవిలో ఉన్నాయనకు దాన్ని ఆయన మామగారే ఇప్పించారు.)

ఒక ఇంట్లో అక్కాచెల్లెళ్ళిద్దరికీ చూపు సన్నగిల్లుతోంది. వాళ్ళ అమ్మకూ అలాగే పోయింది. ఏ జన్యువు చెడిందో పరిశోధనాలయం తేలిస్తేనే మందు మొదలుపెడతానని కంటి డాక్టరు చెప్పడంతో ఇద్దరూ కలిసి వెళ్ళి రక్తం ఇచ్చి వచ్చారు. కంప్యూటరు వాళ్ళ బంధుత్వాన్ని పసిగట్టి, నియమం ప్రకారం ఒకరినే ఉంచి, చెల్లెలిని తీసేసింది. అక్క రక్తం మరింత నాణ్యంగా ఉందట. ఆ మాట విన్నప్పుడు అక్కకు లోపలెక్కడో చిన్న గర్వం కదిలింది. చిన్నప్పటి నుంచీ అన్నిటికీ చెల్లెలినే ఎంచేవారు మరి. వెంటనే సిగ్గుపడింది. గర్వం మాత్రం పోలేదు.

కొన్నాళ్ళకు అధికారి అక్కను పిలిపించాడు. ఆమె జన్యువులో ఒక లోపం దొరికిందనీ, అయితే ఇన్ని వేల మందిలో ఒక్కరికే ఉన్నదాన్ని యాదృచ్ఛికం అనాలనీ, మరొకరిలో కూడా కనిపిస్తే తప్ప నివేదికకు ఎక్కదనీ మర్యాదగా వివరించాడు.

"మా చెల్లి రక్తం మీ దగ్గరే ఉంది కదండీ. అందులో చూడండి."

"చూశామమ్మా. ఉంది. అచ్చం అదే."

"మరింకేం?"

"ఆవిడ మీ చెల్లెలు కదా."

"పోనీ, మాకు మాటల్లేవనుకోండి."

"మాటలు పోయినా జన్యువులు పోవమ్మా," అన్నాడాయన జాలిగా. "మీకు ఏమీ కానివాళ్ళలో ఇదే లోపం ఉన్నవాళ్ళెవరైనా తెలిస్తే పంపండి."

"మాకేమీ కానివాళ్ళకి మా అమ్మ రోగం ఎలా వస్తుందండీ?"

"మేం పరిశోధిస్తున్నది అదేనమ్మా."

అక్క అప్పీలు చేసుకుంది. ఇద్దరి లోపమూ ఒకటేనని అప్పీళ్ళ సంఘం ఏకగ్రీవంగా ఒప్పుకుని, అందువల్లే వాళ్ళ బంధుత్వం మరింత రుజువైందని తీర్మానించింది. అక్క లోపం యాదృచ్ఛికాల ఖాతాలోకి వెళ్ళిపోయింది. లెక్కలు సమానంగా నిలబడ్డాయి. పరిశోధనాలయం వాళ్ళు ఒకరినొకరు అభినందించుకున్నారు.

నివేదిక అచ్చయి ఇంటికి వచ్చేసరికి అక్కకు అక్షరాలు కనిపించడం మానేశాయి. చెల్లెలు కిటికీ దగ్గర నిలబడి, కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని, ఆఖరి వాక్యాన్ని కూడబలుక్కుంటూ చదివి వినిపించింది:

"ఈ వ్యాధి కుటుంబాల్లో వస్తుందనడానికి ఆధారాలేవీ దొరకలేదు."