దుప్పటి కింద బావ

ఆ ఉదయం బావమరిది వేసుకున్న పథకం చిన్నదే. సాయంత్రం వీధి మలుపులో జరిగే గారడీ ఆట చూడ్డానికి దూరాన్నుంచి అత్తగారు వస్తున్నారు. పెళ్లైన పద్దెనిమిదేళ్లుగా ఆవిడతో తానే గారడీవాణ్ణని చెప్పుకుంటున్నాడు పాపం. నిజానికి గారడీ చేసేది అక్క మొగుడు. ఇతని పని పక్కనుండి తిక్క సమాధానాలు చెప్పడం, బెత్తం దెబ్బలు తినడం, జనాన్ని నవ్వించడం.

"బావా, ఈ ఒక్కరోజూ నా పని నువ్వు చెయ్యి, నీ పని నేను చేస్తా. లేకపోతే ఆవిడ ముందు తలెత్తుకోలేను."

"ఓస్, వాగడమేగా? నిద్రలో కూడా వాగుతాను" అంటూ బావ తలపాగా తీసి ఇచ్చేశాడు.

సాయంత్రం అత్తగారు ముందు వరసలో కుర్చీ వేయించుకున్నారు. రోజూ బావమరిది పడుకునే చోట బావ దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. జనం చూపించిన వస్తువేమిటో దుప్పటి కిందివాడు చెప్పాలి. కిటుకంతా ప్రశ్నలోని మొదటి మాటలో ఉంది: "ఏదీ" అంటే గడియారం, "ఊఁ" అంటే కళ్లజోడు. ముప్పై ఏళ్లుగా అడగడమే తప్ప బావ ఒక్కనాడూ విన్న పాపాన పోలేదు.

బట్టతల పెద్దమనిషి ఒకాయన గడియారం చూపించాడు.

"ఏదీ, ఈయన చేతిలో ఏముంది?"

దుప్పటి చాలాసేపు ఆలోచించింది. "దువ్వెన."

జనం గొల్లుమన్నారు. బావమరిది గొంతు పెంచాడు.

"ఏదీ, ఏదీ, సరిగ్గా చెప్పు."

"రెండు దువ్వెనలు."

జనం పడీపడీ నవ్వుతుంటే బావకి రోషం పొడుచుకొచ్చింది. "అడగడం అలాగేనట్రా?" అంటూ దుప్పటితో సహా లేచి, బెత్తం వెతుక్కుంటూ గారడీ బుట్టలో కాలేశాడు. బుట్ట అడుగున దాచిన పావురం ఎగిరి తిన్నగా బట్టతల మీద వాలింది. బెత్తం లేవడం చూసిన బావమరిది, ఇన్నేళ్ల అలవాటు కొద్దీ, తలపాగాతోనే వంగి వీపు చూపించాడు. దెబ్బ పడ్డాక గానీ అత్తగారు గుర్తు రాలేదు.

ఆట ముగిశాక తల వంచుకుని ఆవిడ దగ్గరికి వెళ్లాడు. ఆవిడ ఇంకా కళ్లు తుడుచుకుంటున్నారు.

"మీ గారడీ నాకేం అర్థం కాలేదు అల్లుడుగారూ, ఏమనుకోకండి. ఆ దుప్పటాయన మాత్రం మహానుభావుడు. మా ఆయన పోయాక ఇంత నవ్వింది ఇవాళే. ఆ పని అందరి వల్లా కాదు. కష్టపడితే మీరూ ఎప్పటికైనా ఆ స్థాయికి వస్తారు."

బావమరిది సంతోషంతో వంగి దణ్ణం పెట్టాడు. "ప్రయత్నిస్తానండీ" అన్నాడు.

నవ్వుల రుచి మరిగిన బావ దుప్పటి తిరిగివ్వడానికి ఒక పూటంతా గునిశాడు. ఇచ్చాక, బావమరిది దుప్పటిలో చేరడం అత్తగారింట్లో ప్రమోషన్ కింద చెలామణీ అయింది.