లిఫ్టులో పదకొండు చుక్కలు

ఆ రోజు ఉదయానికి సూపరింటెండెంటు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకల్లా ఆఫీసు చేరాలి, ప్రోగ్రాం ఒకసారి నడిపి చూసుకోవాలి, పదకొండింటికి డైరెక్టరుకు చూపించి రెండో లిఫ్టుకు ఒప్పించాలి. ఏడంతస్తుల ఆఫీసుకు ఉన్నది ఒకటే లిఫ్టు. సూపరింటెండెంటు కుర్చీ ఆరో అంతస్తులో ఉంది. ఆయన మోకాళ్లు మాత్రం రెండో అంతస్తు దగ్గరే రాజీనామా ఇచ్చేస్తున్నాయి. నాలుగేళ్లుగా పెట్టుకున్న అర్జీలన్నింటికీ డైరెక్టరు ఒకటే జవాబు రాశాడు: "అవసరం కళ్లకు కనబడేలా చూపించవలెను."

అలా చూపించడానికే ఆయన యాభై మూడో ఏట జావాస్క్రిప్ట్ నేర్చుకున్నాడు. వెబ్ పేజీ మీద బొమ్మల్ని కదిలించే భాష అది. మూడు వారాలు రోజూ పొద్దున్నే వీడియో పాఠాలు విన్నాడు. పాఠం చెప్పే అమ్మాయి ప్రతి కష్టమైన చోటా "ఇది చాలా ఈజీ" అని ముందే హెచ్చరించేది. వంటింట్లో కూరలు తరుగుతూ వింటున్న ఆయన భార్య ఆయనకన్నా నాలుగు పాఠాలు ముందుండేది. ఆవిడ డిగ్రీలో లెక్కలు చదివింది. పెళ్లయ్యాక ఆ సంగతి అడిగినవాళ్లు లేరు, ఆవిడా చెప్పుకోలేదు.

ఆయన తయారుచేసింది ఆఫీసు లిఫ్టుకు నమూనా. తెర మీద ఏడు గీతలు ఏడంతస్తులు, మధ్యలో పెట్టె లిఫ్టు, ఎర్రటి చుక్కలు ఉద్యోగులు. పేర్లు అర్థమయ్యేలా పెట్టాలని పాఠంలో చెప్పారు కాబట్టి ప్రతి చుక్క పక్కనా స్టోర్ కీపర్, టైపిస్టు, డైరెక్టర్ అని హోదా రాశాడు.

"ఈ చుక్కలన్నీ ఎక్కడికిరా?" అంది ఆ ఉదయం ఆయన తల్లి, కళ్లజోడు సవరించుకుంటూ.

"ఆఫీసుకమ్మా."

"అవి బయల్దేరాయి కదా, నువ్వింకా లుంగీలోనే ఉన్నావేం?"

ఆయన తయారై ఆఫీసుకు వెళ్లాడు.

ఆఫీసు కింది హాల్లో గోడకు పెద్ద టీవీ ఉంది. ఉత్తర్వులు, సెలవులు, బదిలీలు అందులోనే వేస్తారు. ఆ టీవీలో కనబడినదాన్ని కాదనే అలవాటు ఆ ఆఫీసులో లేదు. రెండేళ్ల కిందట ఎవరో పొరపాటున గురువారం సెలవని వేస్తే అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు. ఆ వేసినవాడు కూడా వెళ్లాడు. మీటింగ్ గదిలో ప్రొజెక్టరు చెడిపోయిందని సూపరింటెండెంటు తన లాప్‌టాప్‌ను ఆ టీవీకే తగిలించాడు. పైన "మన ఆఫీసు లిఫ్టు" అని పెద్దక్షరాలు వచ్చాయి. కింద "ఇది నమూనా మాత్రమే" అని చిన్నక్షరాలు వచ్చాయి. వాటి మీదుగా టీవీలో ఎప్పుడూ నడిచే వార్తల పట్టీ నడిచింది. చుక్కలు చక్కగా ఎక్కుతూ దిగుతూ ఉండటం చూసుకుని, ఆయన ఫైలు తెచ్చుకోవడానికి ఆరో అంతస్తుకు వెళ్లాడు. అసలు లిఫ్టులోనే వెళ్లాడు. అది బాగానే ఉంది.

ఆయన వెళ్లిన ఐదు నిమిషాలకు టీవీలో లిఫ్టు నాలుగో అంతస్తులో ఆగింది. లోపల పదకొండు చుక్కలున్నాయి. తలుపు మూసుకోదు, పెట్టె కదలదు.

రిసెప్షనిస్టు కాసేపు చూసింది. తర్వాత ఫైరాఫీసుకు ఫోన్ చేసింది. "పదకొండుమంది ఇరుక్కున్నారండీ. పేర్లా? హోదాలున్నాయి, రాసుకోండి."

లిఫ్టు మెకానిక్కు పరుగెత్తుకొచ్చాడు. ఇలాంటప్పుడు మొట్టమొదట లిఫ్టుకు కరెంటు తీసేయాలని అతనికి శిక్షణలో నేర్పారు. తీసేశాడు. సరిగ్గా అప్పుడే ఏడో అంతస్తు నుంచి డైరెక్టరు, ఆయన అటెండరు నమూనా చూడటానికి అసలు లిఫ్టులో దిగుతున్నారు.

ఇంతలో బయటినుంచి స్టోర్ కీపరు వచ్చాడు. హాల్లో నలభైమంది గోడకేసి చూస్తుంటే తానూ చూశాడు.

"అదేంటి, నేను లోపలున్నానా?"

"అవునండీ, ఇందాకట్నుంచీ," అంది రిసెప్షనిస్టు జాలిగా.

"నేనిక్కడ నిలబడి ఉన్నాను కదమ్మా!"

"ఏమో సార్. టీవీలో లోపలే ఉన్నారు."

స్టోర్ కీపరు ఎందుకైనా మంచిదని ఇంటికి ఫోన్ చేసి, కంగారు పడొద్దని భార్యకు చెప్పాడు. ఆవిడ అప్పటినుంచే కంగారు పడటం మొదలుపెట్టింది.

సంగతి తెలిసి సూపరింటెండెంటు ఆరంతస్తుల మెట్లు దిగి వచ్చేసరికి ఆయనకు మోకాళ్లు ఉన్నాయో లేవో తెలియడం లేదు. "అది నిజం కాదయ్యా! ఉత్త బొమ్మ! నేను పెట్టింది!"

"మీరే పెట్టి, ఇప్పుడు మీరే కాదంటే ఎలా సార్?" అన్నాడు మెకానిక్కు. "పైగా లిఫ్టు లోపల్నుంచి కేకలు వినబడుతున్నాయి."

నిజంగానే వినబడుతున్నాయి. సూపరింటెండెంటు పక్కకు వెళ్లి భార్యకు ఫోన్ చేశాడు.

"ఏమే, లిఫ్టు నాలుగులో ఆగిపోయింది. తలుపు మూసుకోవడం లేదు."

"తలుపు ఎప్పుడు మూసుకోవాలని రాశారు?"

"లోపలున్నవాళ్లు పదికి సమానమైతే."

"ఇప్పుడెంతమంది ఉన్నారు?"

"పదకొండు."

"తొమ్మిది తర్వాత ఒక్కసారే పదకొండెలా అయ్యారండీ?"

"డైరెక్టరు గారు ఎక్కితే అటెండరు కూడా ఎక్కుతాడు కదా. ఆయన్ని ఒక్కరినే పంపితే బాగోదని ఇద్దర్నీ కలిపి ఒకేసారి ఎక్కించాను."

అవతల కుక్కరు కూత పెట్టింది. ఆవిడ దాన్ని కట్టేసి వచ్చింది. "పదకొండు పదికి సమానం కాదు కాబట్టి అది ఇంకా పది కోసం చూస్తోంది. పది గానీ అంతకు మించి గానీ ఉంటే మూసుకోమని రాయండి."

"మించడానికి వీల్లేదే! పదిమందికే అనుమతి అని లిఫ్టులో బోర్డు ఉంది."

"బోర్డు చదివి ఎవరు దిగారండీ ఇన్నేళ్లలో? రాయండి ముందు."

ఆయన లాప్‌టాప్ దగ్గరికి వెళ్లి రాశాడు. టీవీలో తలుపు మూసుకుంది, పెట్టె ఐదుకు ఎక్కింది. హాలంతా చప్పట్లు కొట్టింది. అదే సమయానికి ఫైరువాళ్లు పైకెళ్లి నాలుగో అంతస్తు దగ్గర అసలు లిఫ్టు తలుపును గడ్డపారతో తెరిచారు. లోపల డైరెక్టరు ఉన్నాడు. ఆయన వెనకాల, ఆయన ఫైలు పట్టుకుని, అటెండరు ఉన్నాడు.

ఫైరాఫీసరు కిందికి వచ్చి జాబితా తీశాడు. "ఇద్దరు దొరికారు. మిగతా తొమ్మిదిమందీ ఏరీ?"

"ఇదిగో ఇక్కడే ఉన్నామండీ," అన్నారు తొమ్మిదిమందీ.

"ఎలా బయటికొచ్చారు?"

"మేం లోపలికి వెళ్లలేదండీ."

"అలా రాయడానికి మా ఫారంలో గడి లేదు," అన్నాడు ఆఫీసరు. చివరికి తొమ్మిదిమందీ తమను క్షేమంగా కాపాడారని సంతకాలు పెట్టారు. స్టోర్ కీపరు ధన్యవాదాలు కూడా రాశాడు. అతని భార్య అప్పటికే ఆటోలో వచ్చేసి పక్కనే నిలబడి ఉంది మరి.

డైరెక్టరు మెట్లు దిగి టీవీ ముందుకు వచ్చాడు. తన హోదా రాసున్న చుక్కను వేలితో చూపించాడు.

"నేను నాలుగో అంతస్తులో ఇరుక్కుంటానని ఇందులో ఉందట కదా?"

"సార్, అది..."

"ఇది తయారుచేయడానికి ఎన్నాళ్లు పట్టింది?"

"మూడు వారాలు సార్."

"అంటే మూడు వారాల ముందే తెలుసన్నమాట. నాకెందుకు చెప్పలేదు?"

సూపరింటెండెంటు ఆలోచించాడు. జీవితంలో మొదటిసారి డైరెక్టరు తన పనిని నమ్ముతున్నాడు. ఇప్పుడు అది బొమ్మ అంటే రెండో లిఫ్టు పోతుంది, బొమ్మ కాదంటే తన ఉద్యోగం పోతుంది. బెదురుతూనే అసలు మాట అందించాడు.

"అందుకే సార్, రెండో లిఫ్టు ఉంటే..."

"ఒక లిఫ్టుకే పదకొండుమంది ఇరుక్కున్నారు," అన్నాడు డైరెక్టరు. "రెండుంటే ఇరవై ఇద్దరు. అవసరం కళ్లకు కనబడేలా చూపించారు. అభినందనలు."

మధ్యాహ్నానికి టీవీలో ఉత్తర్వు వచ్చింది. ఉన్న లిఫ్టును శాశ్వతంగా మూసేశారు. సిబ్బంది అందరూ, డైరెక్టరుతో సహా, మెట్లు వాడాలి. డైరెక్టరు గదిని కిందికి మార్చారు. మెట్ల మీద రద్దీ ఎలా ఉంటుందో సోమవారంలోగా చుక్కలతో చూపించే బాధ్యత సూపరింటెండెంటుది.

"పోన్లెండి, మీ విద్యకు గుర్తింపు వచ్చింది," అంది భార్య సాయంత్రం, ఆయన మోకాళ్లకు వేడినీళ్ల సంచి పెడుతూ. "ఈసారి డైరెక్టరు గారిని ఒక్కరినే ఎక్కించండి."

మెట్ల ప్రోగ్రాం మొదటిసారికే ఒక్క తప్పు లేకుండా ఏడంతస్తులూ ఎక్కింది. దాన్ని రాసినాయన సోమవారం పదకొండింటికి మూడో అంతస్తులో మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.