ఆవకాయ గదిలో క్వినైను

లోకంలో రోగం కంటే ప్రమాదకరమైనది మందేనని దొరతనం వారు పద్దెనిమిది వందల తొంభై నాలుగులో కనిపెట్టారు. రోగం మనిషిని మాత్రమే పట్టుకుంటుంది. మందైతే పిల్లల చేతికి చిక్కుతుంది, చెమ్మకి కరుగుతుంది, ఎలకల పాలవుతుంది (ఎలకలకి చలిజ్వరం రాదని ఎవరూ పూచీపడలేదు). అందుచేత ద్రాక్షారామం చుట్టుపక్కల ఊళ్ళకి చలిజ్వరం తగ్గించే క్వినైను మాత్రలు పంచి, వాటి వెనకాలే గృహౌషధ భద్రతాధికారి చంద్రరావుగారిని పంపించారు.

అచ్చాయమ్మ మొగుడు పల్లంరాజుకి దినం విడిచి దినం చలిజ్వరం. ఇరవై మాత్రలు ఇంటికొచ్చిన పూటే చంద్రరావుగారూ వచ్చారు.

"ఎక్కడ దాస్తావమ్మా?"

"ఆవకాయ గదిలోనండి. చెమ్మ తగలదు, ఎండ పడదు. స్నానం చెయ్యనోళ్ళు ఆ గడప తొక్కరండి."

"మరి మీ ఆయన?"

"జొరంలో స్నానమేంటండీ?"

చంద్రరావుగారి ముఖం విప్పారింది. రోగి కూడా చేరలేని చోటు ఆయన ఉద్యోగంలో అదే మొదటిది. వెంటనే గదికి తాళం వేసి, లక్క ముద్ర కొట్టి, తాళంచెవి మొలలో దోపుకున్నారు. ఆవకాయ కూడా లోపలే ఉండిపోయింది. (అది మందు కాదని రుజువయ్యేదాకా మందే.)

మాత్ర కావాలంటే అధికారి కళ్ళెదుట రోగి వణకాలని నిబంధన. అధికారి కూడా దినం విడిచి దినమే వస్తారు. ఆయన వచ్చిన రోజున జ్వరం రాదు, జ్వరం వచ్చిన రోజున ఆయన రారు.

"తమరు ఒక్క రోజు ముందు రండి బాబూ," అంది అచ్చాయమ్మ.

"నా పర్యటనల పట్టీ రాజమండ్రిలో ఖాయమైందమ్మా. జ్వరానికి పట్టీ ఏమీ లేదు కదా, దాన్నే ఒక రోజు జరగమను."

ఓసారి పల్లంరాజు ఆయన ఎదుట కుక్కిమంచంలో తనకి చేతనైనంత వణికాడు. చంద్రరావుగారు నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, 'అనుమతి లేని వణుకు' అని రాసుకుని వెళ్ళారు.

మూడో వారానికి జ్వరం లేని రోజున కూడా మనిషి లేవడం మానేశాడు. గంజి తాగించబోతే పెదవుల పక్కనుంచి కారిపోయింది. చంద్రరావుగారు రాగానే అచ్చాయమ్మ ఎదురెళ్ళి అడిగింది.

"ఆ ముద్ర నేనే పగలగొడితేనండి?"

"ఆరు నెలలు జైలమ్మా, మీ ఆయనకి."

"పగలగొట్టేది నేనైతే ఆయనకెందుకండీ?"

"మందు వల్ల బాగుపడేది ఆయనే కదా."

ఆయన అటు వెళ్ళగానే అచ్చాయమ్మ మొగుణ్ణి పడవెక్కించి, భద్రతాధికారి ఇంకా అడుగుపెట్టని పెనుగొండలో తన తమ్ముడు అచ్చిబాబు ఇంటికి చేర్చింది. అచ్చిబాబు చూరులో చుట్టల పక్కన దోపిన క్వినైను పొట్లం విప్పి, "ఏంటి బావా, మందు మీ ఇంట్లో పెట్టుకుని ఇక్కడిదాకా వచ్చావా?" అని దులిపి ఇచ్చాడు. పొగాకు వాసన వేస్తున్న ఆ మాత్రలతో పదో రోజుకి పల్లంరాజు లేచి కూర్చుని ఆవకాయ అడిగాడు.

ఇక్కడ చంద్రరావుగారు గది తెరిచి లెక్క చూస్తే ఇరవైకి ఇరవై మాత్రలూ ఉన్నాయి. మందు భద్రతలో జిల్లాలోకెల్లా మొదటి ఇల్లు ఇదేనని పైవారికి నివేదిక రాశారు. చివర తమ సిఫారసు కూడా జతచేశారు: "రోగిని తరలించిన నాటి నుంచి ఈ ఇంట మందుకు ఎట్టి అపాయమూ లేదు గనుక, తక్కిన ఇళ్ళలోని రోగులను కూడా త్వరలో ఖాళీ చేయించవలెనని మనవి."